గుండీల రాయి

ఆ రాయిని బకెట్‌లో పెట్టి, మీద తడి టవల్ కప్పి, స్కూటర్ మీద నా కాళ్ళ మధ్య ఇరికించుకుని ఇంటికి తెచ్చింది నేనే. పత్తర్‌గట్టి రద్దీలో ప్రతి గుంతకూ బకెట్ ఊగి ఉప్పునీళ్ళు నా పాంటు మీద చిందుతుంటే, రాయికి ఎక్కడ దెబ్బ తగులుతుందోనని భయపడ్డాను. నేను భయపడవలసింది దేనికో అప్పటికే ఒక మనిషి నాకు విడమరిచి చెప్పి ఉన్నాడు. విని పక్కన పెట్టాను. ఇందులో ముందుగా ఒప్పుకోవలసింది అదే.

నీళ్ళ శాఖలో నాది చిన్న ఉద్యోగం. పొద్దున్నే సంచి భుజాన వేసుకుని గల్లీ గల్లీ తిరుగుతాను. ఇళ్ళ ముందు నల్లా తిప్పి, చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, రెండు చుక్కలు మందు వేసి చూస్తాను. పసుపు రంగు తేలితే క్లోరిన్ ఉన్నట్టు. తేలకపోతే ఆఫీసుకు ఫోన్ చేయాలి. పదిహేనేళ్ళుగా ఇదే పని. నీళ్ళ గురించి ఇంకొకరు నాకు చెప్పేదేముంటుంది అన్న గర్వం నాకు తెలియకుండానే లోపల పెరిగిపోయింది.

మా అమ్మాయి అప్పుడు ఐదో తరగతి. పళ్ళ డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చున్నప్పుడు, అక్కడి గాజుతొట్టిలో నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న చేపను చూసింది. పన్ను పీకించుకుని వచ్చి, నోట్లో దూది ఉండగానే, అలాంటిది మనింట్లో పెడదామని అడిగింది. అది సముద్రపు చేప, మామూలు నీళ్ళలో బతకదు అన్నాడు అక్కడి కాంపౌండరు. ఆ మాటతో అమ్మాయి కంటే నాకే పట్టుదల వచ్చింది. నీళ్ళే కదా, చేస్తాను అనుకున్నాను.

"మనకు తాగనీకి నీళ్ళు దినం విడిచి దినమొస్తయి. నువ్వు చేపలకు సముద్రం తెస్తవా?" అంది నా భార్య. ఆమె అంగన్‌వాడీ టీచరు. నా పిచ్చి పనులన్నిటినీ ముందు వద్దంటుంది, తర్వాత తనే వచ్చి చేయి వేస్తుంది.

మొఘల్‌పురాలో ఒక పాత ఇంటి పైభాగంలో అద్దెకు ఉంటున్నాం. రెండు గదులు, ఒక వంటిల్లు. కింద ఇంటి యజమానురాలు తన కొడుకుతో ఉంటుంది. డెబ్బై దాటిన పెద్దావిడ. ఆ వీధిలో హిందువులూ ముస్లింలూ అందరూ ఆమెను ఖాలా అనే పిలుస్తారు. మా వంటింటి కిటికీ ఆమె లోపలి వాకిలి వైపు తెరుచుకుంటుంది. ఆ వాకిలి గోడకు జాలీ కట్టించి ఆమె లవ్‌బర్డ్స్ పెంచేది. పన్నెండు పక్షులు, పచ్చవి, నీలివి. మా వంటింట్లో కుక్కర్ కూత పెడితే అవి కింద ఒక్కసారిగా గోల చేసేవి.

రెండడుగుల గాజుతొట్టి కొన్నాను. ఆర్వో ప్లాంటు నుంచి మూడు క్యాన్ల నీళ్ళు మోసుకొచ్చాను. నల్లా నీళ్ళలోని క్లోరిన్ చేపలకు పడదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? సముద్రపు ఉప్పు పొడి లీటరుకు ముప్పై అయిదు గ్రాముల లెక్కన కలిపి, ఉప్పు శాతం కొలిచే గాజు కడ్డీని నీళ్ళలో వదిలి, అది సరైన గీత దగ్గర నిలిచేదాకా మూడుసార్లు సరిచేశాను. ఒక రోజంతా పంపు తిరిగాక తెల్లటి మబ్బు విడిపోయి నీళ్ళు తేటపడ్డాయి. వేలు ముంచి నాలుకకు రాసుకుంటే, పెళ్ళైన కొత్తలో విశాఖ వెళ్ళినప్పుడు అల నోట్లో కొట్టిన రుచే.

ఇక రాళ్ళు కావాలి. మామూలు రాళ్ళు పనికిరావు. ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళలో నాని, సన్నటి రంధ్రాల నిండా కంటికి కనపడని జీవులు చేరిన రాళ్ళు ఉండాలి. చేపల మురికిని విరిచి నీళ్ళను శుభ్రం చేసేది ఆ జీవులే. పత్తర్‌గట్టి వెనక సందులో గడియారాలు బాగుచేసే ఒకాయన తన తొట్టి తీసేస్తున్నాడని చేపల దుకాణంలో చెప్పారు. వెళ్ళాను. యాభై ఏళ్ళ మనిషి, కంటికి గడియారాల వాళ్ళ భూతద్దం తగిలించుకుని కూర్చుని ఉన్నాడు. లోపలి గదిలో మూలనున్న తొట్టిలోంచి మూడు రాళ్ళు చూపించాడు.

"రెండు ఫికర్ లేకుండ తీస్కపో భాయ్. ఈ మూడోది జర సోంచాయించుకో."

ఆ మూడోదే అన్నిటికంటే పెద్దది. దాని నిండా గోధుమ రంగు గుండీలు. చొక్కా గుండీలంత ఉన్నాయి, అంచున సన్నటి వెంట్రుకల్లాంటి కుచ్చు. ఆయన నీళ్ళలో పుల్లతో తాకగానే అన్నీ ఒకదాని తర్వాత ఒకటి ముడుచుకుపోయాయి.

"ఏంది భాయ్ ఇవి, పువ్వులా?"

"పువ్వోలె ఉంటది గని జాన్వర్. ఒంట్ల జహర్ ఉంటది దీనికి, ఇసం. నీళ్ళల్ల ఉన్నంత సేపు ఏం గాదు. గీకకు. గ్లౌజ్ లేకుండ ముట్టకు. వేడినీళ్ళైతే అసల్కే తగలనియ్యకు. వద్దనిపిస్తే నాకు వాపస్ తెచ్చియ్యి, నేను జూసుకుంట."

"గంత డేంజర్ది మీరింట్ల ఎట్ల పెట్టుకున్నరు?"

"అందుకే దీసేస్తున్న," అన్నాడు. నవ్వలేదు.

ఆయన చెప్పిందంతా విన్నాను. కానీ ఇంత మంచి రాయిని వదులుకోవడం ఇష్టంలేక ఏదో కథ చెబుతున్నాడనిపించింది. వాపస్ తెచ్చియ్యి అన్న చివరి మాట ఒక్కటే నా బుర్రలో నిలిచింది. మూడూ తెచ్చుకున్నాను.

మొదటి వారం ఇల్లంతా కుళ్ళు వాసన. దారిలో చచ్చిన జీవులేవో రాళ్ళ లోపల చీకిపోతున్నాయి. ఖాలా మెట్ల దగ్గర ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "క్యా బేటా, ఇంట్ల ఏం జచ్చింది?" అని అడిగింది. రోజూ పరీక్ష గొట్టాల్లో నీళ్ళు తీసి రంగులు చూసేవాణ్ణి. అమ్మోనియా ఎక్కింది, దిగింది. అది దిగాక నైట్రైట్ ఎక్కి, అదీ దిగింది. అయిదు వారాలకు రెండూ సున్నా. అప్పుడు రెండు చేపలు తెచ్చి వదిలాను. అమ్మాయి బడి నుంచి రాగానే సంచి కూడా దించకుండా తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చునేది.

గుండీలు పెరుగుతున్నాయి. మొదట గమనించింది నా భార్య. "ఇవి మొన్న ఈ రాయి మీద లేకుండె గద" అంది. నిజమే. పక్క రాయి మీదికి పాకాయి. తర్వాత గాజుకు అంటుకున్నాయి. లైటు వేయగానే అన్నీ మెల్లగా విచ్చుకుని మా వైపు తిరిగేవి. చేపలు ఆ మూలకు పోయేవి కావు. తొట్టి అందం కోసం తెచ్చుకుంటే ఏదో చర్మరోగం పట్టినట్టు కనిపించసాగింది. పొద్దున లేవగానే నేను చేపల్ని కాక గుండీల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ఒక సాయంత్రం పాత టూత్‌బ్రష్ తీసుకుని, చేతికి తొడుగేమీ లేకుండా, గాజు మీది వాటిని రుద్దాను. బంకలా జిగురు వచ్చింది. కాసేపటికి నా వేళ్ళ చివరలు మొద్దుబారాయి. అన్నం తింటుంటే నాలుక మీద ఇనుప ముక్క పెట్టినట్టు రుచి. మర్నాటికి తగ్గిపోయింది. గడియారాలాయన మాట గుర్తుకు రాలేదని చెప్పలేను. గుర్తుకు వచ్చింది. వేళ్ళు మొద్దుబారితే ఏమైంది, తగ్గింది కదా అనుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

రాయిని తిరిగి ఇచ్చేయవచ్చు. కానీ ఇచ్చేస్తే ఆయన గెలిచినట్టు అనిపించింది. ఏ గెలుపో, దేనికో, ఇప్పుడు అడిగితే చెప్పలేను. ఫోన్‌లో ఒక వీడియో చూశాను. రాయి మీద ఏది పట్టినా నీళ్ళలో అరగంట ఉడికిస్తే అన్నీ చచ్చి, తెల్లటి రాయి మిగులుతుందని ఎవరో చెప్పాడు. ఆ ఆదివారం పదకొండు గంటలకు, అమ్మాయి డ్రాయింగ్ క్లాసుకు వెళ్ళాక, మేం బియ్యం నానబెట్టే పెద్ద అల్యూమినియం గిన్నెలో ఆ రాయిని పెట్టి, నీళ్ళు పోసి, పొయ్యి మీదికి ఎక్కించాను.

నా భార్య పక్కనే పప్పు పోపుకు ఉల్లిగడ్డలు కోస్తోంది. నీళ్ళు మరగడం మొదలైంది. గోధుమ రంగు నురగ పైకి లేచింది. నేను తొట్టిలో తగ్గిన నీళ్ళు పోయడానికి ముందు గదిలోకి వెళుతూ, "జర జూస్తుండు, పొంగితే మంట తగ్గియ్యి" అన్నాను.

"గీ వాసనేంది?" అంది ఆమె.

"సముద్రం వాసనే. కిటికీ దీసి పెట్టు."

ఆమె కిటికీ తెరిచింది. పావుగంట ఆ గిన్నె ముందు నిలబడింది.

ముందు గదిలో ఉన్న నాకు గొంతులో మిరపకాయ ఘాటులాంటిది తగిలింది. వెళ్ళి చూస్తే ఆమె గట్టు పట్టుకుని దగ్గుతోంది. నోరంతా చేదుగా, ఇనుము చప్పరించినట్టు ఉందని అంది. అది నాకు తెలిసిన రుచే. పొయ్యి ఆర్పేశాను. ఆమెను ముందు గదిలో పడుకోబెట్టి మంచినీళ్ళు ఇచ్చాను. "పోపు ఘాటేమో" అన్నాను. పోపు ఇంకా వేయనే లేదు.

మధ్యాహ్నం రెండయ్యేసరికి ఆమెకు చలితో జ్వరం. కాళ్ళ కండరాలు ముడుచుకుపోతున్నాయని ఏడ్చింది. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుందంది. నాకూ దగ్గు, ఒళ్ళు నొప్పులు, కానీ నేను నడవగలిగాను. అమ్మాయిని క్లాసు నుంచి అటే తన ఇంటికి తీసుకెళ్ళమని మా వదినకు, అంటే నా భార్య అక్కకు, ఫోన్ చేసి, ఆటోలో నా భార్యను వీధి చివరి నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్ళాను. మెట్లు దిగేటప్పుడు ఆమె బరువంతా నా మీదే ఉంది. ఖాలా తలుపు దగ్గరికి వచ్చి గొంతు సవరించుకుంటూ ఏదో అడిగింది. నేను ఆగలేదు.

డ్యూటీలో ఉన్న లేడీ డాక్టరు చిన్న వయసు మనిషి. వేలికి మిషన్ తగిలించి చూసి, వెంటనే ఆక్సిజన్ పెట్టించింది.

"ఇంట్లో ఏమన్నా మందు కొట్టారా? బాత్రూమ్‌లో యాసిడ్, బ్లీచింగ్ కలిపి వాడారా?"

"లేదు మేడమ్."

"ఏదన్నా పొగ? కొత్తగా ఏమైనా వండారా?"

"మామూలు వంటే మేడమ్."

ఎందుకు అలా అన్నానో చాలాసార్లు ఆలోచించాను. రాయిని ఉడకబెట్టాం అంటే నవ్వుతారని కాదు. నోటితో చెబితే అది నిజమైపోతుందనిపించింది. డాక్టరు కోవిడ్ పరీక్షకు పంపింది, ఎక్స్‌రే తీయించింది. గంటన్నర అలా గడిచింది. ఆ గంటన్నరా నా భార్య ఊపిరి తీస్తుంటే వినిపించిన చప్పుడు, సైకిల్ పంపులో ఇసుక పడితే వచ్చే చప్పుడులా ఉంది.

అయిదు గంటలకు ఖాలా కొడుకు వచ్చాడు. బయట బెంచీ మీద నా పక్కన కూర్చుని, భాభీకి ఎలా ఉందని అడిగాడు. తర్వాత, "భాయ్, ఇంట్ల గ్యాస్ లీకయిందా?" అన్నాడు.

"ఎందుకు?"

"పక్షులన్ని సచ్చినయ్. పన్నెండుకు పన్నెండు. అమ్మీ నమాజ్ జేసి వాకిట్లకొచ్చేసరికి కింద వడి ఉన్నయ్. అమ్మీకి గూడ గొంతు మండుతున్నదంట."

నేను లేచి వరండా చివరికి వెళ్ళి గడియారాలాయనకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను.

"ఉడకబెట్టినవా?"

"అవును భాయ్."

"నేనేం జెప్పిన నీకు?" గొంతు పెంచలేదు. "సరే. డాక్టర్‌కు జెప్పు. ఇప్పుడే జెప్పు. దాని జహర్ పేరు నీకు మెసేజ్ వెడుతున్న, అది జూపియ్యి. ఆ కమ్రాలకు ఎవర్ని పోనియ్యకు. కిందోళ్ళను గూడ బయటికి రమ్మను."

డాక్టరుకు చూపించాను. ఆమె నన్ను తిట్టలేదు. ఫోన్‌లో చదువుకుంటూ నిలబడిపోయింది. ఎవరో పెద్ద డాక్టరుకు ఫోన్ చేసింది. దీనికి విరుగుడు మందు లేదు, ఊపిరి నిలబెట్టి చూడాల్సిందే అని చెప్పి నా భార్యను ఐసీయూకు మార్చారు. "మీకెవరూ చెప్పలేదా, ఇది విషమని?" అని డాక్టరు అడిగింది.

"లేదు మేడమ్. తెల్వక జేసిన" అన్నాను.

ఆ అబద్ధమే అందరికీ చేరింది. ఖాలా కొడుక్కి, మా వదినకు, ఆఫీసులో. పాపం తెలియక చేశాడు అన్నారు. ఆరు రోజులు నేను ఐసీయూ బయట కూర్చుంటే, వచ్చిన ప్రతివాళ్ళూ నా భుజం తట్టి పోయారు. రెండో రోజు ఆమెకు గొట్టం వేయాల్సి రావచ్చని సంతకం చేయించుకున్నారు. మూడో రోజుకు అవసరం లేదన్నారు. ఆ మధ్య ఇరవై నాలుగు గంటల గురించి రాయడం నాకు చేతకాదు.

ఖాలాను, ఆమె కొడుకునూ అదే నర్సింగ్ హోమ్‌లో పరీక్ష చేశారు. గొంతు మంట రెండు రోజుల్లో పోయింది. గడియారాలాయన ముఖానికి పెద్ద మాస్కు, కళ్ళద్దాలు, మోచేతుల దాకా తొడుగులు వేసుకుని మా ఇంటికి వచ్చాడు. గిన్నెలో నీళ్ళు, తొట్టిలో నీళ్ళు అన్నిటిలో బ్లీచింగ్ కలిపి ఒక రోజు వదిలేసి పారబోశాడు. చేపల్ని ముందే తీసి తనతో తీసుకెళ్ళాడు. రాళ్ళు, గిన్నె, వంటింటి గుడ్డలు మందపాటి కవర్లలో కట్టి పట్టుకుపోయాడు. గోడలూ గట్టూ తడిగుడ్డతో రెండుసార్లు తుడిచాడు. ఇదంతా ఆయనే చేశాడు. నేను వారించలేదు. పోయేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "నేను గూడ ఇయ్యకుండ ఉండాల్సింది భాయ్" అన్నాడు. తప్పులో సగం తీసుకుంటానన్నట్టు అన్నాడు. నేను ఆ సగం ఇచ్చేశాను. అవును భాయ్ అన్నాను.

నా భార్య ఇంటికి వచ్చాక ఒక నెల పీల్చే మందు వాడింది. అంగన్‌వాడీకి సెలవు పెట్టింది. పిల్లలకు పాట చెప్పాలంటే ఒక చరణం తర్వాత ఆగాల్సి వచ్చేది. అమ్మాయి ఆమె పక్కనే కూర్చుని చదువుకునేది, తొట్టి ఉన్న మూలకు వీపు పెట్టి. ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు.

రెండు నెలల తర్వాత, ఒక శుక్రవారం మధ్యాహ్నం, కిందికి దిగి ఖాలాకు చెప్పాను. ఆమె వాకిట్లో బియ్యం చెరుగుతోంది. గోడకు జాలీ ఇంకా ఉంది, ఖాళీగా. గడియారాలాయన ముందే చెప్పాడని, వేడినీళ్ళు అని పేరు పెట్టి చెప్పాడని, విని కూడా చేశానని చెప్పాను. ఆమె చేట ఆపలేదు. రాళ్ళు ఏరుతూనే ఉంది.

"నీ బీవీకి ఎరుకేనా?" అంది చివరికి.

"లేదు ఖాలా."

"మరి నాకెందుకు జెప్తున్నవ్ బేటా? పైకి పో."

పైకి వెళ్ళాను. నా భార్య మంచం మీద దిండుకు ఆనుకుని అమ్మాయి గౌనుకు కుట్లు వేస్తోంది. ఖాలాకు చెప్పినట్టే చెప్పాను, అదే వరసలో. వేళ్ళు మొద్దుబారిన సాయంత్రం సంగతి కూడా. ఆమె సూదిని గుడ్డలో గుచ్చి పక్కన పెట్టింది.

"నన్ను ఆ గిన్నె కాడ నిలవెట్టి పోయినప్పుడు, ఆయన మాట నీకు యాదికొచ్చిందా?"

రాలేదని చెప్పడానికి ఇంకా వీలుంది. ఆమె నా ముఖంలోకే చూస్తోంది.

"వచ్చింది" అన్నాను.

"వచ్చి?"

"ఏం గాదులే అనుకున్న."

ఆమె గౌను మడిచి లేచింది. సాయంత్రం అమ్మాయిని తీసుకుని అఫ్జల్‌గంజ్‌లో వాళ్ళక్క ఇంటికి వెళ్ళిపోయింది. నేను అన్నం వండుకుని తిన్నాను, డ్యూటీకి వెళ్ళాను, నల్లాలు తిప్పాను. మొదటి వారం ఆమె ఫోన్ ఎత్తలేదు. రెండో వారం ఎత్తి, మందులు ఉన్నాయి, తేనవసరం లేదు అంది. మూడో వారం చివర తనే వచ్చింది. మెట్ల మధ్యలో ఊపిరి అందక రెండుసార్లు ఆగింది. సంచి అందుకోబోతే ఇవ్వలేదు.

"పొల్లకు నువ్వే జెప్పాలె" అంది, కూర్చున్నాక. "నేను జెప్ప. ఎవరో జెప్తే ఇంటే అది వేరే తీరుగుంటది. నువ్వే కూసోవెట్టుకోని జెప్పు."

ఆ ఆదివారమే అమ్మాయికి చెప్పాను. అయిపోయాక, "మమ్మీ సచ్చిపోతుండెనా?" అంది.

"సచ్చిపోయేదాకా వోయింది."

తల ఊపి, లేచి వాళ్ళమ్మ గదిలోకి వెళ్ళింది. ఆ తర్వాత చాలాకాలం, నేను ఇంట్లో ఏ పని మొదలుపెట్టినా, బల్బు మార్చినా, గోడకు మేకు కొట్టినా, వచ్చి తలుపు దగ్గర నిలబడి చూసేది. ఏం చేస్తున్నావని అడిగేది కాదు. పని పూర్తయ్యేదాకా నిలబడేది.

నా భార్య ఇప్పుడు మళ్ళీ అంగన్‌వాడీకి వెళుతోంది. చలికాలంలో, ధూళి ఎక్కువైన రోజుల్లో పీల్చే మందు కావాలి. నాతో మాట్లాడుతుంది, నవ్వుతుంది కూడా. కానీ పొయ్యి మీద ఏదన్నా పెట్టి, జర చూస్తుండమని నేనంటే మాత్రం, చూడదు. వచ్చి పొయ్యి ఆర్పేసి, "నువ్వున్నప్పుడే పెట్టుకో" అని వెళ్ళిపోతుంది.